కామా దగ్గర మా అత్తగారు

మా అత్తగారి పేరు ఇక్కడ రాయను. దాపరికమేమీ లేదు. అత్తగారి పేరు నోటితో అనకూడదని, నన్ను కాపురానికి పంపేటప్పుడు మా అమ్మ చెప్పింది. చేత్తో రాయడం గురించి ఏమీ చెప్పలేదు గానీ, ఇన్నేళ్ళు పాటించిన నియమాన్ని ఇప్పుడు వదులుకుంటే పాత సరుకుని కిలోల లెక్కన తూచి ఇచ్చేసినట్టుంటుంది.

చిక్కేమిటంటే మా అమ్మాయి పేరు కూడా అదే. మొదటి ఆడపిల్లకి నానమ్మ పేరు పెట్టడం మా ఇళ్ళలో రివాజు. పెట్టాక పిలవడానికి వీల్లేదు. కన్నకూతుర్ని నేను ఈ రోజు వరకూ పేరుతో పిలవలేదు. "అమ్మడూ" అనే అంటాను. అమెరికాలో మేముండే ట్రాయ్‌లో దాన్ని కిండర్‌గార్టెన్‌లో చేర్చిన రోజు టీచరు పేరడిగితే ఫారం మీద వేలు పెట్టి చూపించాను. ఆ మహాతల్లి నాకు ఇంగ్లీషు రాదనుకుని, ఆ తర్వాత ఏడాదంతా నాతో చాలా నెమ్మదిగా, చాలా గట్టిగా మాట్లాడింది. మందుల షాపు కిటికీ దగ్గర అడిగితే ఒక్కో అక్షరం విడివిడిగా చెప్పేదాన్ని. అక్షరాలు చెప్పడం పేరు అనడం కిందికి రాదు. శాస్త్రంలో లేదు, నాకు నేనే ఇచ్చుకున్న రాయితీ.

ఇదంతా అత్తగారి మీద భక్తి అనుకునేరు. నాకో తోడికోడలుంది. చిన్నామె, ఈ దేశంలోనే ఆష్‌బర్న్ అనే ఊళ్ళో ఉంటుంది. ఆవిడ ఈ నియమాలేవీ పట్టించుకోదు. అందుకని నేను పట్టించుకున్నాను. పక్క కొట్లో లేని సరుకు మన కొట్లో పెట్టుకోవాలి, అంతే.

ఆ తోడికోడలి కూతురి పేరు కూడా అదే.

ఎలాగంటే, నేను పెద్దకోడల్ని గానీ నాకు పిల్లలు ఆలస్యం. ఆవిడకి ముందు పుట్టింది, పేరు ముందు ఎత్తుకుపోయింది. తర్వాత నాకు పుట్టింది. పెద్దకోడలి హక్కు పోనిస్తానా? నేనూ అదే పెట్టాను. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. అలా ఈ దేశంలో ఒకే పేరుతో, ఒకే ఇంటిపేరుతో, ఏడాది తేడాతో ఇద్దరు ఆడపిల్లలు తయారయ్యారు. ఒకదాని టికెట్టు ఇంకొకదాని ఈమెయిల్‌కి వెళ్ళేది. ఒకదాని డిగ్రీకి అభినందనలు ఇంకొకదానికి వచ్చేవి. చుట్టాలు "ట్రాయ్‌ది", "ఆష్‌బర్న్‌ది" అనేవాళ్ళు, ఆర్టీసీ డిపోల్లాగా.

తోడికోడలు ఆ పేరుని వాడుకున్న పద్ధతి మాత్రం మెచ్చుకోవాల్సిందే. మా అత్తగారు చెరో ఆరునెలలు ఇద్దరి దగ్గరా ఉంటారు. ఆవిడ ఆష్‌బర్న్‌లో ఉన్నన్నాళ్ళూ తోడికోడలు కూతుర్ని పూర్తి పేరుతో పిలిచి తిట్టేది. "ఒసే ఫలానా! తిన్న కంచం తియ్యవేం, ఒళ్ళు బరువా?" అని పై అంతస్తుకి వినపడేలా కేకేసేది. ఆ పిల్ల అప్పటికే స్కూలుకి వెళ్ళిపోయి ఉండేది. టేబుల్ మీద ఉన్న కంచం అత్తగారిది.

ఇక పెళ్ళి సంగతి. మా అమ్మాయికి ఇక్కడే మిషిగన్‌లో ఒక అమెరికన్ కుర్రాడితో పెళ్ళి కుదిరింది. వాళ్ళ తరఫువాళ్ళకి మన తంతు తెలియదు, ఎవరెవరో తెలియదు. అందుకని వచ్చినవాళ్ళ చేతిలో పెట్టడానికి ఇంగ్లీషులో ఒక మడత కాగితం వేయించాలన్నారు. మేనమామ ఎవరు, కన్యాదానం ఎవరు చేస్తారు, కొబ్బరిబోండం ఎవరు పట్టుకుంటారు, అదంతా. నేను రాసిచ్చాను. మా అమ్మాయి కార్ల కంపెనీ వాళ్ళకి మాన్యువల్స్ రాసే ఉద్యోగం చేస్తుంది. ఎర్ర పెన్ను తీసుకుని వంటింట్లో నా ఎదురుగా కూచుంది.

"అమ్మా, నీకు కామాలంటే ఎలర్జీనా?"

"ఎన్ని కావాలో అన్ని వేసుకో. ఫ్రీయేగా."

"అలా కాదు. చూడు. 'హర్ అంకుల్' అని రాసి పేరు రాశావ్. నాకు అంకుల్స్ చాలామంది కదా, సో అక్కడ కామా వద్దు. పేరు చెప్తేనే ఏ అంకులో తెలుస్తుంది. కానీ 'హర్ మదర్' అన్నాక కామా ఉండాలి. మదర్ ఒక్కతే. పేరు జస్ట్ ఎక్స్‌ట్రా. తీసేసినా ఎవరో తెలుస్తుంది."

"అంటే, కామా పెడితే ఒకటే పీసు. పెట్టకపోతే లోపల ఇంకా సరుకుంది."

"వాట్?"

"ఏం లేదులే. అర్థమైంది."

అర్థం కాకపోవడమేమిటి. నేను పుట్టి పెరిగింది చీరాలలో బట్టల కొట్టు వెనక గదిలో. "ఇది ఒకటే పీసమ్మా, ఇంక రాదు" అన్న మాట నాకు పాలతో పాటు పట్టారు. మా నాన్న ఆ మాట అంటున్నప్పుడు ఆయన కూర్చున్న పరుపు కింద అరలో అదే చీర డజను ఉండేది. ఇప్పుడు ట్రాయ్‌లో మా బేస్‌మెంట్‌లో నేను చీరలమ్ముతాను. నేనూ అదే మాటంటాను. మా నాన్నకి పరుపుండేది, నాకు వాషింగ్ మెషీన్ వెనక అట్టపెట్టెలున్నాయి.

ఒకసారి మా నాన్న ఒకే చీరని ఒకటే పీసని చెప్పి ఇద్దరికి అమ్మాడు. ఆ ఇద్దరూ ఒకే పెళ్ళిలో అదే చీర కట్టుకుని ఎదురుపడ్డారు. మర్నాడు పొద్దున్నే, బోణీ కూడా కాకముందు, ఇద్దరూ కొట్టు మీదికొచ్చారు. నాన్న ఏమీ కంగారుపడలేదు. ఇద్దరికీ గోలీసోడా తెప్పించాడు. ఒకామెని పక్కకి తీసుకెళ్ళి, "మీదే అసలుదమ్మా. ఆవిడగారు మీది చూసి మోజుపడితే పొరుగూరి నుంచి నకలు తెప్పించి ఇచ్చా. పాపం, ఆవిడతో అనకండి" అన్నాడు. రెండో ఆమెని ఇంకో పక్కకి తీసుకెళ్ళి అదే చెప్పాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు జాలిగా చూసుకుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ మాటల్లేవని విన్నాను. మా కొట్టు మాత్రం ఇద్దరూ మానలేదు.

అప్పుడు నేను నవ్వాను. చిన్నదాన్ని. కొనే పక్క నిలబడి ఎరగనుగా.

"ఇంకో థింగ్ ఉందమ్మా," అంది మా అమ్మాయి కాగితం మడుస్తూ. "తాళి అయ్యాక నానమ్మ స్టేజి మీదికొచ్చి మైక్‌లో ఒక్క సెంటెన్స్ చెప్పాలి. ఇంగ్లీష్‌లో. 'దిస్ ఈజ్ మై గ్రాండ్ డాటర్' అని, దెన్ నా పేరు. కామాతో."

"కామాతోనా? మీ బాబాయి కూతురు ముందు వరసలో కూచుంటుందే."

"తను వేరు. నానమ్మ తన పేరు నాకిచ్చింది. వాళ్ళు జస్ట్ పెట్టుకున్నారు. నానమ్మే చెప్పింది నాకు."

ఎప్పుడు చెప్పిందో నాకు తెలుసు. మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా క్లాసులో పిల్లలు ఆ పేరుని నమిలి నమిలి ఊసేవాళ్ళు. మాస్టార్లు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నమిలేవాళ్ళు. పేరు మార్చమని ఇంటికొచ్చి ఏడ్చేది. వాళ్ళ నాన్న మార్చేద్దామనే అన్నాడు. అప్పుడు మా అత్తగారు దాన్ని ఒళ్ళో కూచోపెట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. అంతే, మళ్ళీ ఆ మాటెత్తలేదు. హైస్కూల్లో పొట్టిగా చేసి పిలుస్తామన్నా ఒప్పుకోలేదు. పూర్తి పేరుతో పిలిపించుకుంది. ఆ పిల్ల వెన్ను అంత నిటారుగా ఉండటానికి కారణం ఆ చెవిలో మాట.

ఆ మాటేమిటో ఇప్పుడు తెలిసింది.  కానీ చాలా ఏళ్ళ కిందట తోడికోడలు నాతో, "మీరేమీ అనుకోవద్దక్కా, అత్తయ్య పేరిచ్చింది మా దానికి. మీరు చూసి పెట్టుకున్నారని ఆవిడే చెప్పింది" అంది. అప్పుడు ఆవిడ కల్పించి చెబుతోందనుకున్నాను. కల్పన కాదు. అత్తగారు ఒకరికి తెలియకుండా ఒకరిని పక్కకి తీసుకెళ్ళి సోడా ఇప్పించారన్న మాట.

మా అమ్మాయికి చెప్పానా? లేదు. గిరాకీ సంతోషంగా ఉన్నప్పుడు సరుకు లోపం చెప్పిన కొట్టువాణ్ణి నేను చూడలేదు.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. మా అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని, టీవీ రిమోట్ మైకులా పట్టుకుని చెప్పేది.

"దిస్సీజు మై గ్రాండాటరు..."

"ఆగాలి నానమ్మా అక్కడ!"

"ఎందుకే ఆగడం? స్టేజీ ఏమన్నా వచ్చిందా?"

"కామా ఉంది."

"ఎంతసేపాగాలి?"

"కొంచెమే."

"ఆ కొంచెంలో ఊపిరి పీల్చుకోవాలా, వదలాలా?"

మా అమ్మాయి నవ్వలేదు. దానికది వేళాకోళం కాదు. ఆ వయసులో ఆ ముసలామెకి ఇంగ్లీషు ఆగుడు నేర్పించడానికి ఆఫీసు నుంచి తొందరగా వచ్చేది. గడపదాటి లోపలికి రాకముందే "నానమ్మా, చెప్పు" అనేది.

మా ఆయన ఈ ముచ్చటంతా తమ్ముడికి ఫోన్లో చెప్పాడు. మగవాళ్ళకి ఏది ముచ్చటో ఏది మంటో తెలిసి చావదు. ఆ సాయంత్రమే తోడికోడలి ఫోను.

"అక్కా, ఏదో ఇంగ్లీషు ప్రాక్టీసంట?"

"ఏదో పిల్ల సరదా పడుతోంది."

"సరదాయే కదా. మరి మా దాన్ని కూడా పక్కన నిలబెడితే ఇద్దర్నీ కలిపి చెప్పేస్తారు. అత్తయ్యకీ తేలిక."

"పెళ్ళికూతురి పక్కన అదే పేరుతో ఇంకొకతె నిలబడితే, చూసినవాళ్ళు ఒకటి కొంటే ఒకటి ఉచితం అనుకుంటారమ్మాయ్."

"ఉచితం ఎవరో జనానికి తెలుసు లెండక్కా. మీ పిల్ల పుట్టేసరికి మాది నడుస్తోంది."

"నడవనీ. పెళ్ళి ముందు ఎవరిది?"

ఆ మాట అనకూడదు. ఆవిడ కూతురికి రెండు సంబంధాలు నిశ్చితార్థం దాకా వచ్చి పోయాయి. నేను గెలిచాననుకున్నాను. గెలిచాననుకున్నప్పుడే గల్లాపెట్టె వైపు చూసుకోవాలని నాన్న చెప్పేవాడు.

"పోనీలెండక్కా," అంది ఆవిడ, గొంతు చాలా మెత్తగా పెట్టి. "కామా పెట్టుకోడానికి మీకున్నది ఒక్కతే. మిగతావి నిలవలేదుగా."

నాకు ముగ్గురు పోయారు. ఒక్కరికీ పేరు పెట్టేదాకా రాలేదు. రెండోసారి పోయినప్పుడు ట్రాయ్ వచ్చి ఆసుపత్రిలో నా జుట్టు దువ్విన మనిషి ఆవిడ. అందుకే ఎక్కడ గుచ్చాలో తెలుసు.

అయినా ఎవరం ఫోను పెట్టెయ్యలేదు. బేరంలో కొట్టు దిగి వెళ్ళిపోయినవాళ్ళే ఓడిపోయినట్టు. ఇద్దరం ముక్కులు చీదుకుని, గొంతు సర్దుకుని, ఒక ఒప్పందానికి వచ్చాం. మా పెళ్ళిలో మా అమ్మాయి ఒక్కతే స్టేజి మీద. వాళ్ళ పిల్ల పెళ్ళి ఎప్పుడైతే అప్పుడు అదే వాక్యం, అదే మనిషి, అంతే ఆగుడు. అలా అత్తగారు అప్పటిదాకా బతికి ఉండటం కూడా ఒప్పందంలో భాగమైంది. మంచి బేరం చేశానని రాత్రి నిద్ర కూడా పట్టింది.

పెళ్ళికి ముందు రోజు గోరింటాకు. ఆష్‌బర్న్ వాళ్ళు దిగారు. గోరింటాకు పెట్టే అమ్మాయి ఇద్దరు ఆడపిల్లలకీ మోచేతుల దాకా పెట్టి వెళ్ళింది. ఇద్దరూ సోఫా చెరోవైపు చేతులు గాల్లో ఎత్తి పట్టుకుని, దొంగలు పోలీసులకి దొరికినట్టు కూచున్నారు. నేనూ తోడికోడలూ పక్కనే వంటింట్లో పులిహోర కలుపుతున్నాం. అత్తగారు కింద కూచుని కరివేపాకు దూస్తోంది.

"నానమ్మా, లాస్ట్ టైమ్. ఒక్కసారి చెప్పవా," అంది మా అమ్మాయి.

అత్తగారు రెమ్మని మైకులా పట్టుకుంది. "దిస్ ఈజ్ మై గ్రాండ్ డాటర్." ఆగింది. ఎంత బాగా ఆగిందంటే గోడ మీద గడియారం వినపడింది. తర్వాత పేరు చెప్పింది.

ఆష్‌బర్న్‌ది తల తిప్పింది. "నానమ్మ అక్కడ పాజ్ ఎందుకిచ్చింది?"

"కామా," అంది మా అమ్మాయి.

"కామా అంటే ఓన్లీ వన్ అని కదా. నేను కూడా గ్రాండ్ డాటర్నే."

"యెస్, బట్ పేరు నాకిచ్చింది. మీరు తర్వాత పెట్టుకున్నారు."

"తర్వాతా? ఐయామ్ ఓల్డర్! పేరు నాకిచ్చింది. మీ మామ్ కాపీ చేసింది. నానమ్మ నాతో చెప్పింది."

"నాతో చెప్పింది!"

"నాతో!"

చేతులు కదపడానికి లేదు. మెడలు ముందుకి చాచి పుంజుల్లా అరుచుకుంటున్నారు. నేను తోడికోడలి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది. పెళ్ళిలో ఎదురుపడ్డప్పుడు ఆ చీరల ఆడవాళ్ళ మొహాలు ఎలా ఉండి ఉంటాయో అప్పుడు తెలిసింది.

"ఏమంటున్నారే వీళ్ళు?" అని అత్తగారు నన్నడిగింది.

"మీరాగుతున్నారే, ఆ ఆగుడికి ఒకటే పీసని అర్థమంట అత్తయ్యా. మీ పేరు అసలు ఎవరికిచ్చారని కొట్టుకుంటున్నారు."

"నా పేరా?" అంది ఆవిడ. కరివేపాకు పళ్ళెం పక్కన పెట్టింది. నవ్వింది. నవ్వు ఎంతకీ ఆగలేదు, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"అది నా పేరు కాదే పిచ్చి మొహాల్లారా. కొట్టు పేరు."

మా మామగారికి స్టీలు సామాన్ల కొట్టుండేది. బోర్డు మీద అత్తగారి పేరు, ముందు శ్రీ, వెనక స్టీల్ సెంటర్. పెళ్ళాం పేరు కొట్టుకి పెట్టుకున్న మగాడని చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని వింతగా చెప్పుకునేవాళ్ళు. నన్ను ఆ ఇంటికి ఇచ్చిందే ఆ బోర్డు చూసి. "పెళ్ళాం పేరు బజార్లో రాయించుకున్నవాడి ఇంట్లో కోడలికి లోటుండదు" అని మా నాన్న బేరమాడకుండా ఒప్పుకున్న ఏకైక బేరం నా పెళ్ళి.

"నాకు జాతకం లేదు," అంది అత్తగారు. "పేరు బలం చూస్తే కుదర్లేదు. పిల్ల పేరు మార్చి చేసుకుంటే సరి అన్నాడు సిద్ధాంతి. ఇంకో పేరుకి మళ్ళీ బలం చూడాలంటే మళ్ళీ దక్షిణ. మా మామగారు, అంటే మీ తాత వాళ్ళ నాన్న, ఏమన్నాడో తెలుసా? 'మొన్న కొట్టుకి చూపించిన పేరుందిగా. మా వాడి పేరు మీదే చూశారు, బ్రహ్మాండంగా కుదిరిందన్నారు. అదే పిల్లకి పెట్టెయ్యండి' అన్నాడు. బోర్డు అప్పటికే రాయించేశారు. నేను తర్వాత వచ్చా. మీ తాత మాత్రం నా పేరే కొట్టుకి పెట్టానని ఊరంతా చెప్పుకునేవాడు. గిరాకీలు మెచ్చుకునేవాళ్ళు. బాగానే ఉందిగా అని ఊరుకున్నా."

పులిహోర చేతుల్తో నేనలాగే నిలబడిపోయాను. మాస్టార్ల ముందు మూగదానిలా నిలబడి, మందుల షాపుల్లో అక్షరాలు ఏరుకుని, ముప్పై ఏళ్ళకి పైగా నేను నోట్లోంచి జారకుండా కాపాడింది ఒక స్టీలు సామాన్ల కొట్టు పేరు. పక్కన తోడికోడలు కూడా లెక్క వేసుకుంటున్నట్టుంది. పాపం, ఆవిడ ఇన్నేళ్ళు గొంతు చించుకుని తిట్టింది ఎవర్నీ కాదు, గిన్నెల్ని.

"మరి నీ అసలు పేరేంటి నానమ్మా?" అంది ఆష్‌బర్న్‌ది.

"చెప్పను. చెప్తే రేపు దానికీ కొట్టుకుంటారు."

పుట్టింటి వైపు ఆవిడ వాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆవిడ చెప్పకపోతే ఇంక ఎవరూ చెప్పేవాళ్ళు లేరు.

అప్పుడు మా అమ్మాయి గొంతు వినపడింది. చిన్నగా. "స్కూల్లో నేను ఎంత ఏడ్చానో తెలుసా నీకు? ఆ పేరు ఉంచుకున్నా. నీదని. షాప్ పేరా అది?"

అత్తగారు నవ్వు ఆపింది. కానీ కరిగింది అనుకోకండి.

"నేను ఉంచుకోలా?" అంది. "నన్నెవరన్నా అడిగారా? నీకు ఏడవడానికి ఒళ్ళో చోటన్నా ఉంది." మళ్ళీ కరివేపాకు అందుకుంది.

మా అమ్మాయి కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ పచ్చి గోరింటాకు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు, ఆష్‌బర్న్‌ది సోఫా మీద జరిగి, తన చేతులు అలాగే గాల్లో పెట్టుకుని, భుజం దాని చెంపకి ఆనించింది. చొక్కా భుజంతో తుడిచింది. ఆ పిల్లది వాళ్ళమ్మ బుద్ధి కాదు. మా బుద్ధీ కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మరి.

మర్నాడు పెళ్ళి. మడత కాగితాలు కామాలతో సహా అప్పటికే కుర్చీల మీద ఉన్నాయి. మా అమ్మాయి ఆ వాక్యం వద్దంటుందనుకున్నాను. నేనడిగితే, "ఐ డోంట్ కేర్. చెప్తే చెప్పనీ, లేకపోతే లేదు" అంది. పట్టించుకోని మనిషి అలా పెదవి కొరుక్కోదు. తాళి అయింది, తలంబ్రాలు అయ్యాయి. మా అత్తగారు ఎవరూ పిలవకుండానే లేచి, మెట్లెక్కి, పాటలు పెట్టే కుర్రాడి చేతిలోంచి మైకు లాక్కుంది.

"దిస్ ఈజ్ మై గ్రాండ్ డాటర్."

ఆగింది.

హాలంతా ఎదురుచూస్తోంది. మా అమ్మాయి కళ్ళు మూసుకుంది. ఎదురు వరసలో ఆష్‌బర్న్‌ది వేళ్ళు ముడుచుకుని కూచుంది. అత్తగారు ఆగుతూనే ఉంది. పాటలు పెట్టే కుర్రాడు ఆవిడ మర్చిపోయిందనుకుని మీట మీద చెయ్యి వేశాడు. అప్పుడావిడ మైకు కిందికి దించి, పెళ్ళికూతురి పూలజడ పట్టుకుని తల వంచి, మిగిలింది చెవిలో చెప్పింది.

పెళ్ళికొడుకు తరఫువాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మన ఆచారమనుకున్నారు. ఒకావిడ కాగితం తిరగేసి ఈ తంతు పేరేమిటా అని వెతికింది కూడా.

నేను మా అమ్మాయి మొహం చూశాను. ఆ మొహం నాకు బాగా తెలుసు. చంకలో పొట్లంతో మా కొట్టు మెట్లు దిగేవాళ్ళ మొహం అది. వెన్ను మళ్ళీ నిటారుగా అయింది.

"అసలు పేరు చెప్పిందా?" అన్నాను భోజనాల దగ్గర, మెల్లగా.

"యెస్."

"ఏంటి?"

"చెప్పకూడదు. నాకొక్కదానికే చెప్పింది, అమ్మా. నాకొక్కదానికే."

రెండు రోజుల తర్వాత ఆష్‌బర్న్ వాళ్ళు బయల్దేరారు. అత్తగారి ఆరునెలల వంతు అటు మారింది, ఆవిడా వాళ్ళతోనే. కారులో సామాను సర్దుతున్నారు. నేను గరాజు దగ్గర ఊరగాయ సీసాలకి టేపు చుడుతున్నాను. అత్తగారు ఆష్‌బర్న్‌దాన్ని పిలిచింది. "ఇటు రావే, ఈ శాలువా సర్దు." ఆ పిల్ల వంగింది. అత్తగారు దాని చెవి అందుకుంది. చెప్పడం అయ్యాక ఆ పిల్ల వంగిన నడుము ఎత్తి నిలబడింది.

అదే మొహం. అచ్చం అదే.

తోడికోడలు కూడా చూసింది. చూసి నా వైపు జాలిగా ఒక నవ్వు పారేసింది. ఆవిడ పుట్టింటివాళ్ళు మాస్టార్లు. పరుపు కింద అర సంగతి తెలియదు.

నేను టేపు పడేసి వెనక సీటు దగ్గరికెళ్ళాను. అత్తగారికి సీటు బెల్టు పెట్టే వంకతో, దించి ఉన్న కిటికీలోంచి లోపలికి వంగి, "అత్తయ్యా, నిజం చెప్పండి. ఇద్దరికీ చెప్పింది ఒకటేనా? లేక చెరొకటీనా?" అన్నాను.

"నీకెందుకే?"

"నా కూతురండీ. రేపు మాటల్లో మాట ఇద్దరూ కలబోసుకుంటే?"

"కలబోసుకోరు. మంచి సరుకు దొరికినవాళ్ళు పక్కవాళ్ళకి చూపిస్తారు గానీ, ధర చెప్తారా?"

మా నాన్న ఎదురుగా కూచుని మాట్లాడినట్టే ఉంది. ఇలాంటి మనిషితో బేరానికి దిగకూడదని తెలుసు. అయినా దిగాను. చెయ్యి చాచాక వెనక్కి తీసుకోలేం.

"పోనీ, నాకు చెప్పండి. వాళ్ళకి చెప్పింది కాదు, అసలుది. ఎవరితోనూ అనను. ఇన్నేళ్ళు మీ పేరు నోటితో అనలేదు నేను. ఒక్కసారి కూడా. తీరా చూస్తే అది మీ పేరే కాదంటిరి. నా నోరు కట్టేసుకున్నందుకు ఏదో ఒకటి గిట్టాలిగా అత్తయ్యా."

ఆవిడ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. చెబుతుందనే అనుకున్నాను. బెల్టు క్లిప్పు పడిన చప్పుడైనా నేను వంగినచోటే ఉండిపోయాను, చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టి.

"పిచ్చిదానా," అంది. "నువ్వు కోడలివి. చెప్పినా నోటితో అనకూడదుగా. తెలుసుకుని ఏం చేసుకుంటావు?"

కిటికీ అద్దం మీట ఎక్కడుందో ఆవిడకి ఎప్పుడు తెలిసిందో గానీ, నేను తల బయటికి తీసేలోపే పైకి లేపడం మొదలుపెట్టింది.